ఎవరి ఇష్టం? – చర్చి ఎరుగని యువతరం, క్రైస్తవ మిషన్ల చరిత్ర



గుజరాత్ రాష్ట్రంలోని సూరత్ నగరానికి దక్షిణం వైపున బమ్రోలి అనే ప్రాంతం ఉంది. ఉధనా, పాండేసరా పారిశ్రామిక వాడలకు దగ్గరగా ఉన్న ఈ చోట పగలూ రాత్రీ మరమగ్గాల చప్పుడు వినిపిస్తుంది. మన సిరిసిల్లలో వీటినే సాంచాలు అంటారు. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రల నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవారు ఈ పరిసరాల్లో వేల సంఖ్యలో ఉన్నారు. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు కూడా సూరత్ వస్త్ర పరిశ్రమలో తరాలుగా పనిచేస్తున్నాయి. అందుకే సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒరియా, ఇంగ్లీషు, తెలుగు మాధ్యమాల్లో కూడా పాఠశాలలు నడుపుతూ వచ్చింది.

ఇలాంటి ఒక కుటుంబంలో పదహారేళ్ల కుర్రవాణ్ణి ఊహించుకోండి. ఇంట్లో మార్కండేయుడి పటం ఉంటుంది. చర్చి లోపల ఎలా ఉంటుందో అతను ఎన్నడూ చూడలేదు. డిసెంబరు నెలలో ఒక మిత్రుడు వచ్చి, "మా దగ్గర పాటలు నేర్పుతున్నారు, వస్తావా?" అని అడుగుతాడు. అతను వెళ్లవచ్చా? వెళ్తే ఇంట్లో చెప్పాలా? అక్కడ విన్నది నచ్చితే ఏం చేయాలి, నచ్చకపోతే ఏం చేయాలి? పిలిచినవారికి ఏ బాధ్యత ఉంది?

ఇవి నేటి ప్రశ్నల్లాగే కనిపిస్తాయి. కాని వీటికి రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. చర్చితో ఏ సంబంధమూ లేని పిల్లలను, యువకులను క్రైస్తవ సంఘాలు ఎలా చేరదీశాయి, దాని వల్ల ఏం జరిగింది, కుటుంబాలూ న్యాయస్థానాలూ చివరకు మన రాజ్యాంగ నిర్మాతలూ ఈ విషయంపై ఏమనుకున్నారు అన్నదే ఈ పాఠంలోని అంశం.

ఆదివారం బడి ఎలా పుట్టింది?

ముందుగా ఇంగ్లండుకు వెళ్దాం. 1780 ప్రాంతంలో గ్లోస్టర్ పట్టణంలో గుండుసూదుల తయారీ పెద్ద పరిశ్రమ. చిన్న పిల్లలు వారంలో ఆరు రోజులు అందులో పనిచేసేవారు. ఆదివారం ఒక్కరోజే సెలవు. ఆ రోజు వారు వీధుల్లో అల్లరి చేస్తూ, జూదమాడుతూ తిరుగుతున్నారని పట్టణ ప్రజలు ఫిర్యాదు చేసేవారు. రాబర్ట్ రేక్స్ అనే పత్రికా సంపాదకుడు ఈ పిల్లల కోసం 1780లో ఆదివారం బడి మొదలుపెట్టాడు. ఆయన కంటే ముందు, 1769లోనే, హై వైకోంబ్ అనే ఊళ్లో హానా బాల్ అనే మహిళ ఇలాంటి ప్రయత్నం చేసింది. అయితే రేక్స్ చేతిలో పత్రిక ఉంది. 1783లో ఆయన తన పత్రికలో రాసిన తర్వాత ఈ ఆలోచన దేశమంతా పాకింది.

ఇక్కడ మీరు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఆ పిల్లలు పేరుకు క్రైస్తవ దేశంలో పుట్టినవారే అయినా చర్చి గడప తొక్కినవారు కారు. వారికి మొదట నేర్పింది చదవడం. చదవడానికి వాడిన పుస్తకం బైబిలు. కూలి పిల్లలకు చదువు వస్తే మాట వినరని ఆ రోజుల్లో చాలామంది పెద్దలు ఈ బడులను వ్యతిరేకించారు కూడా. అక్షరమూ మతబోధా ఇలా ఒకే బల్ల మీదికి వచ్చాయి. ఆ తర్వాతి చరిత్ర అంతా ఈ కలయిక నుంచే పుట్టింది.

రెండో ఘట్టం లండన్‌లో జరిగింది. జార్జి విలియమ్స్ ఒక బట్టల దుకాణంలో పనిచేసే యువకుడు. పల్లెల నుంచి వచ్చిన దుకాణపు కుర్రాళ్లు రోజంతా పనిచేసి, దుకాణం పైఅంతస్తులో ఇరుకు గదుల్లో పడుకునేవారు. వారికోసం ఆయన పదకొండుమంది మిత్రులతో కలిసి 1844 జూన్ 6న ఒక సంఘం పెట్టాడు. అదే యంగ్ మెన్స్ క్రిస్టియన్ అసోసియేషన్, అంటే మనం వై.ఎం.సి.ఎ. అని పిలిచే సంస్థ. ప్రార్థనతో మొదలైన ఈ సంఘం త్వరలోనే పఠన మందిరాలకు, ఉపన్యాసాలకు, తర్వాత ఆటస్థలాలకు విస్తరించింది.

గుండుసూదుల కర్మాగారం, బట్టల దుకాణం – రెండూ శ్రమజీవుల లోకాలే. ఇంటికీ ఊరికీ దూరమై, పని తప్ప మరేమీ లేని కుర్రవాడికి కూర్చోవడానికి ఒక గది, మాట్లాడడానికి ఒక పెద్దమనిషి కావాలి. యువజన సేవ అని తర్వాత పిలిచినదానికి ఇదే మూలం. బమ్రోలిలాంటి సాంచాల వాడలో నిలబడి చూస్తే ఈ అవసరం మనకు బాగా అర్థమవుతుంది.

అదే నెలలో సూరత్‌లో

ఇప్పుడు సూరత్‌కు తిరిగి వద్దాం. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జేమ్స్ స్కిన్నర్, విలియం ఫైవీ 1815లో ఇక్కడికి వచ్చారు. వారు గుజరాతీ నేర్చుకున్నారు, బడులు పెట్టారు, ముద్రణాలయం నెలకొల్పారు. తర్వాత ఈ పని ఐర్లండ్ ప్రెస్బిటేరియన్ సంఘం చేతికి వచ్చింది. ఆ సంఘం 1841లో రాజ్‌కోట్‌లో పని ప్రారంభించి గుజరాత్ అంతటా విస్తరించింది. సూరత్‌లో ఆ మిషన్ పేరు మీద నడిచిన ఉన్నత పాఠశాలలో అన్ని మతాల పిల్లలూ చదువుకున్నారు.

లండన్‌లో వై.ఎం.సి.ఎ. పుట్టిన పదహారు రోజులకే, 1844 జూన్ 22న, సూరత్‌లో మరో సంఘం పుట్టింది. దాని పేరు మానవ ధర్మ సభ. దుర్గారామ్ మెహతాజీ అనే ఉపాధ్యాయుడు, దాదోబా పాండురంగ్ మొదలైనవారు దీన్ని స్థాపించారు. మిషనరీల బోధ చదువుకున్న యువకుల్లో చర్చ లేపుతున్న రోజులవి. ఈ సభ ఒక్క క్రైస్తవాన్నే విమర్శించి ఊరుకోలేదు. అన్ని మతాల్లోని మూఢాచారాలనూ బహిరంగంగా ప్రశ్నించింది. మంత్రగాళ్లను తమ శక్తి రుజువు చేసుకోమని సవాలు చేసింది. 1846లో దాదోబా బొంబాయికి, 1852లో దుర్గారామ్ రాజ్‌కోట్‌కు వెళ్లిపోవడంతో సభ ఆగిపోయింది. అయినా దాని ప్రాముఖ్యం తక్కువ కాదు. మిషన్ బడి వేసిన ప్రశ్నకు సమాజం తలుపు మూసి ఊరుకోకుండా తానూ ఆలోచించడం మొదలుపెట్టిందని ఈ సభ చూపిస్తుంది.

అంతకు ముందు సంవత్సరమే, సూరత్ భాగంగా ఉన్న బొంబాయి ప్రెసిడెన్సీలో ఒక వ్యాజ్యం నడిచింది. నారాయణ్ శేషాద్రి అనే బ్రాహ్మణ యువకుడు 1843లో బొంబాయిలో క్రైస్తవం స్వీకరించాడు. అతని తమ్ముడు శ్రీపత్ ఇంకా బాలుడు. అన్నతో పాటు అతను కూడా మిషనరీల వద్దకు చేరాడు. తండ్రి సుప్రీం కోర్టును ఆశ్రయించాడు. బాలుణ్ణి తండ్రికి అప్పగించాలని కోర్టు తీర్పు చెప్పింది. కథ అక్కడితో ముగియలేదు. మిషనరీలతో కలిసి ఉన్న పిల్లవాణ్ణి తిరిగి కులంలో చేర్చుకోవచ్చా అని బొంబాయి బ్రాహ్మణుల్లో పెద్ద వివాదం రేగింది. బాల్‌శాస్త్రి జంభేకర్ అనే పండితుడు ప్రాయశ్చిత్తం చేయించి చేర్చుకోవాలని నిలబడ్డాడు. చూడండి, కోర్టు తండ్రి ఇంటి తలుపు తెరిచింది, కులం మాత్రం ఆ తలుపు వేయబోయింది. ఈ రెంటి మధ్య నలిగినవాడు ఒక పిల్లవాడు.

బందరు బడి, 1852

సూరత్‌కూ మన బందరుకూ ఒక పాత పోలిక ఉంది. రెండూ బట్టలకు పేరు పొందిన రేవులు. ఈస్టిండియా కంపెనీ 1611లో బందరులో, ఆ వెంటనే సూరత్‌లో వర్తకశాలలు పెట్టింది. సూరత్‌లో నడిచిన కథకు సాటివచ్చే తెలుగు కథ కూడా బందరులోనే నడిచింది.

రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు మిషనరీలు 1841లో బందరు వచ్చారు. ఫాక్స్ ఊరూరా తిరిగి బోధించాడు. నోబుల్ 1843లో ఒక ఇంగ్లీషు బడి తెరిచాడు. పై కులాల యువకులకు మంచి చదువు చెప్పి, వారి ద్వారా సమాజాన్ని ప్రభావితం చేయాలన్నది ఆయన ఉద్దేశం. అందువల్ల అంటరానివారని సమాజం దూరం పెట్టిన కులాల పిల్లలను ఆయన తన బడిలో చేర్చుకోలేదు. దీనిపై ఆయనకు విమర్శలు తప్పలేదు. బడిలో బైబిలు పాఠం అందరికీ ఉండేది. తల్లిదండ్రులకు ఆ సంగతి తెలుసు. ఇంగ్లీషు చదువు వస్తే కొడుక్కి కొలువు దొరుకుతుందన్న ఆశతో వారు పంపేవారు.

1852లో ఈ బడిలోని ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. ఒకరు బ్రాహ్మణ కుటుంబానికి చెందిన మంచాల రత్నం, మరొకరు వెలమ కుటుంబానికి చెందిన ఐనాల భూషణం. పట్టణం అట్టుడికింది. బడి దాదాపు ఖాళీ అయిపోయింది. మళ్లీ పిల్లలు రావడానికి కొంతకాలం పట్టింది. తర్వాత ఆ ఇద్దరు యువకులూ పాదిరీలయ్యారు. నోబుల్ 1865లో బందరులోనే మరణించాడు.

ఈ సంఘటనను మనం ఎలా చూడాలి? ఆ యువకుల వైపు నుంచి చూస్తే అది వారి మనస్సాక్షి. చదివారు, ఆలోచించారు, నిర్ణయించుకున్నారు. ఇంటినీ కులాన్నీ వదులుకోవడానికి సిద్ధపడ్డారు. అది చిన్న ధైర్యం కాదు. తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే అది పుత్రవియోగం. ఆ కాలంలో కులం పోగొట్టుకున్న కొడుకు ఇంట్లో కూర్చుని అన్నం తినలేడు, తండ్రికి కర్మ చేయలేడు. చదువు కోసం పంపితే కొడుకునే పోగొట్టుకున్నామని వారు బాధపడడంలో ఆశ్చర్యం లేదు. దీనికి రెండేళ్ల ముందే, 1850లో, మతం మారినా వారసత్వపు హక్కు పోదని ప్రభుత్వం 21వ చట్టం చేసింది. ఆ చట్టం ఆస్తిని కాపాడగలదు. తెగిన బంధాన్ని మాత్రం అతికించలేదు.

బడి ప్రభావం మతమార్పిడి రూపంలోనే ఉండాలని కూడా లేదు. నోబుల్ పేరు మీద ఎదిగిన కళాశాలలో తర్వాతి కాలంలో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు అధ్యాపకులుగా పనిచేశారు. ఆయన బ్రహ్మసమాజ నాయకుడు. ఆయన శిష్యుల్లో ఒకరైన ముట్నూరి కృష్ణారావు గారు కృష్ణా పత్రిక సంపాదకుడై జాతీయోద్యమానికి గొంతునిచ్చారు. ఒక ఉద్దేశంతో తెరిచిన తరగతి గది నుంచి విద్యార్థులు అనేక దారుల్లో బయటికి వెళ్లారు. యువకుల మనసు ఎవరూ గీసిన గీతలోనే నడవదని ఇది మనకు చెబుతుంది.

ఒంగోలు: ఎవరి కోసం బల్ల?

బందరు నుంచి దక్షిణంగా ఒంగోలుకు వస్తే మరో దృశ్యం కనిపిస్తుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడ స్థిరపడ్డాడు. ఆయన దగ్గర చదివేవారిలో పై కులాల పిల్లలు ఉన్నారు. అదే సమయంలో యర్రగుంట్ల పేరయ్య నాయకత్వంలో మాదిగ కుటుంబాలు క్రైస్తవంలో చేరసాగాయి. వారిని చేర్చుకుంటే తాము బడి మానేస్తామని పై కులాల విద్యార్థులు చెప్పారు. క్లౌ, ఆయన భార్య హారియెట్ ఈ చిక్కును గురించి వేర్వేరు గదుల్లో ఆలోచిస్తూ బైబిలు తెరవగా ఇద్దరికీ పౌలు లేఖలోని ఒకే భాగం కనిపించిందని క్లౌ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. లోకం నీచంగా చూసినవారినే దేవుడు ఎన్నుకున్నాడన్నది ఆ భాగం సారం. మాదిగలను కాదనకూడదని వారు నిశ్చయించుకున్నారు.

నోబుల్, క్లౌ ఒకే మతం బోధించారు. కాని బల్ల మీద ఎవరు కూర్చోవాలన్న ప్రశ్నకు వారు వేర్వేరు జవాబులు ఇచ్చారు. బందరు బడి ఉన్నత కులాల యువకులను పిలిచింది. ఒంగోలులో అంతవరకు ఏ బడీ పిలవని పిల్లలకు పలక దొరికింది. తెలుగునాట దళిత కుటుంబాల విద్యాచరిత్రలో ఈ మలుపునకు పెద్ద స్థానం ఉంది.

క్లౌ జీవితంలోని మరో విషయం కూడా మన అంశానికి సంబంధించినదే. 1876–78 నాటి ఘోరమైన కరవులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. ఆ కాలంలో చాలామంది బాప్తిస్మం అడిగినా ఆయన ఇవ్వలేదు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరవు సహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. సహాయం ముగిసిన తర్వాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నది దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆకలి జ్ఞాపకం అంత త్వరగా పోతుందా అని విమర్శకులు అడగవచ్చు, అడిగారు కూడా. అయినా అన్నం పెట్టే చేయి, మతం ఇచ్చే చేయి ఒకే సమయంలో చాచకూడదన్న వివేకం ఆ ఆపడంలో ఉంది. ఆ రోజు నదిలో దిగినవారిలో ఎక్కువమంది కుటుంబాలతో వచ్చారు. అక్కడ యువకుడు ఒంటరిగా నిర్ణయించుకోలేదు, వాడవాడంతా కలిసి నిర్ణయించుకుంది. బందరుకూ ఒంగోలుకూ ఇదీ ఒక తేడా.

రాజ్‌కోట్ కుర్రవాడు, దోర్నకల్ బిషప్పు

బోధించే తీరు ఎంత ముఖ్యమో గుజరాత్‌కే చెందిన ఒక విద్యార్థి అనుభవం చెబుతుంది. ఆయన మోహన్‌దాస్ గాంధీ. రాజ్‌కోట్‌లో తాను చదువుకునే రోజుల్లో ఉన్నత పాఠశాల దగ్గర మిషనరీలు నిలబడి హిందూ దేవతలను దూషించేవారని, ఒక్కసారి విని ఇక భరించలేకపోయానని ఆయన ఆత్మకథలో రాశారు. అప్పట్లో రాజ్‌కోట్‌లో పనిచేసిన ఒక మిషనరీ దీన్ని ఖండించాడు. గాంధీ ఆ ఖండనను తన పత్రికలో ప్రచురించారు. అదే గాంధీ లండన్‌లో ఒక మిత్రుడి మాట మీద బైబిలు చదివి, యేసు కొండమీది ప్రసంగం తన హృదయానికి హత్తుకుందని చెప్పారు. వీధి మూలన విన్న దూషణ ఆయనను దూరం చేసింది, స్నేహితుడు చేతికిచ్చిన పుస్తకం దగ్గర చేసింది. అయినా ఆయన తన మతం మార్చుకోలేదు.

తెలుగునాట ఈ పాఠాన్ని గ్రహించినవారిలో వి.ఎస్. అజరయ్య ఒకరు. 1874లో తమిళనాట పుట్టిన ఆయన 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా జీవితం ప్రారంభించి పద్నాలుగేళ్లు యువకుల మధ్య పనిచేశారు. 1903లో తిరునెల్వేలిలో భారతీయ మిషనరీ సంఘం స్థాపనకు కారకులయ్యారు. ఆ సంఘం నిజాం రాజ్యంలోని దోర్నకల్‌ను తన క్షేత్రంగా ఎంచుకుంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. తెలుగు నేర్చుకున్నారు. అక్షరం రాని పల్లె జనానికి పాటతో, కథతో, నాటకంతో బోధించే పద్ధతులను ప్రోత్సహించారు. 1939లో పూర్తయిన దోర్నకల్ కెథడ్రల్‌లో గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు గుర్తుకు వచ్చే నిర్మాణశైలి నేటికీ చూడవచ్చు. చర్చిలోకి వచ్చేవాడు తన పాటనూ తన ఊరినీ వదిలి రానక్కరలేదన్నది ఆయన భావం. సామూహిక మతాంతరాలపై 1930లలో గాంధీకీ ఆయనకూ తీవ్రమైన విభేదం వచ్చింది. ఇద్దరూ దేశభక్తులే. ఒక పేదవాడు మతం మార్చుకున్నప్పుడు అది అతని స్వేచ్ఛా, ఎదుటివారి ప్రలోభమా అన్న చోట వారి దారులు వేరయ్యాయి.

పద్దెనిమిదేళ్లు – రాజ్యాంగ సభలో ఒక రోజు

1947 మే 1న రాజ్యాంగ సభలో మన అంశమే చర్చకు వచ్చింది. బలవంతంతో, అనుచిత ప్రభావంతో జరిగిన మతమార్పిడిని చట్టం గుర్తించకూడదన్న ప్రతిపాదన సభ ముందు ఉంది. సూరత్‌కు పొరుగున ఉన్న భరూచ్‌లో పుట్టిన కె.ఎం. మున్షీ ఒక సవరణ తెచ్చారు. మోసంతో జరిగినదాన్ని, పద్దెనిమిదేళ్ల లోపు మైనరు మతమార్పిడిని కూడా గుర్తించకూడదన్నది దాని సారాంశం.

షిల్లాంగ్‌కు చెందిన క్రైస్తవ సభ్యుడు జె.జె.ఎం. నికల్స్ రాయ్ దీన్ని వ్యతిరేకించారు. పద్దెనిమిది నిండని యువకుడికి కూడా మనస్సాక్షి ఉంటుందని, దాని పిలుపును చట్టం అడ్డుకోరాదని ఆయన వాదం. డాక్టర్ అంబేడ్కర్ మరో చిక్కు చూపారు. తల్లిదండ్రులు మతం మారితే వారి చిన్నపిల్లల సంగతి ఏమిటి? అనాథల సంగతి ఏమిటి? చర్చ తెగలేదు. ప్రతిపాదన తిరిగి కమిటీకి వెళ్లింది. ఇలాంటివి సాధారణ చట్టం చూసుకుంటుందన్న అభిప్రాయంతో చివరకు దాన్ని ప్రాథమిక హక్కుల నుంచి తొలగించారు.

అయితే రాజ్యాంగం ఈ విషయంలో మౌనంగా లేదు. 25వ అధికరణం మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు ఇచ్చింది. 28వ అధికరణం మూడో ఖండం విద్యార్థులైన మీరు తప్పక తెలుసుకోవలసినది. ప్రభుత్వ గుర్తింపు గాని, సహాయం గాని పొందే విద్యాసంస్థలో ఏ విద్యార్థినీ అతని సమ్మతి లేకుండా మతబోధకు, ప్రార్థనకు హాజరు కమ్మని నిర్బంధించరాదు. విద్యార్థి మైనరైతే సంరక్షకుని సమ్మతి ఉండాలి. ఇంగ్లండులో 1870 నాటి విద్యాచట్టంలో ఇలాంటి నిబంధన ముందే ఉంది. బొంబాయిలో శ్రీపత్ తండ్రి కోర్టుకు వెళ్లిననాటి నుంచి, బందరు బడి ఖాళీ అయిననాటి నుంచి సాగిన వాదాలకు మన దేశం ఇచ్చిన సమాధానాన్ని ఈ నిబంధనలో చూడవచ్చు.

తర్వాత కూడా వాదాలు ఆగలేదు. ప్రచారం చేసే హక్కులో మరొకరిని మతం మార్పించే హక్కు ఇమిడి లేదని సుప్రీం కోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో చెప్పింది. 1998 క్రిస్మస్ రోజుల్లో దక్షిణ గుజరాత్‌లోని డాంగ్ జిల్లాలో చర్చిలపై, ప్రార్థనా మందిరాలపై దాడులు జరిగాయి. 2003లో గుజరాత్ శాసనసభ మత స్వేచ్ఛ చట్టం చేసింది. బలవంతం, ప్రలోభం, మోసం ద్వారా జరిగే మతమార్పిడిని అది నేరంగా ప్రకటించింది. మైనర్ల విషయంలో శిక్ష మరింత ఎక్కువ. 2021లో ఆ చట్టాన్ని సవరించారు. ఇలాంటి చట్టాలు బలహీనులకు రక్షణ అని కొందరు, మనస్సాక్షి స్వేచ్ఛకు సంకెళ్లని మరికొందరు అంటారు. ఈ వాదాలు నేటికీ న్యాయస్థానాల్లో సాగుతున్నాయి.

మళ్లీ బమ్రోలి

ఇంత దూరం వచ్చాక మన పదహారేళ్ల కుర్రవాణ్ణి మరోసారి చూద్దాం. అతని ఇంటి గోడ మీద ఉన్న మార్కండేయుడు కూడా పదహారేళ్లవాడే. ఆయుష్షు తీరే వేళ తాను నమ్మినదాన్ని గట్టిగా పట్టుకున్న బాలుడిగానే అతన్ని మన సంప్రదాయం తలుచుకుంటుంది. ఆ వయసులో నమ్మకం తేలికైన విషయం కాదని, పెద్దలు దానితో ఆడుకోరాదని పద్మశాలి ఇళ్లలో ఎవరూ విడిగా చెప్పనక్కరలేదు.

చరిత్ర మనకు ఏం చూపించింది? గ్లోస్టర్ నుంచి ఒంగోలు దాకా, ఎవరూ పట్టించుకోని పిల్లలకు అక్షరం నేర్పిన చోట ఆ సేవ నిలిచింది. దాన్ని వ్యతిరేకించినవారు కూడా తర్వాత అలాంటి బడులే పెట్టారు. ఎదుటివారి దేవుణ్ణి తిట్టిన చోట, అన్నాన్నీ మతాన్నీ కలిపిన చోట, ఇంటివారికి తెలియకుండా పిల్లవాణ్ణి దగ్గరకు తీసిన చోట నమ్మకం విరిగింది. అలాగే, ప్రశ్నించిన యువకుణ్ణి ఇంటినుంచి, కులంనుంచి గెంటివేసిన చోట కూడా నమ్మకం విరిగింది. ఆ తప్పు ఒక్క వైపుది కాదు.

కాబట్టి పిలిచేవారు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలగాలి. ఈ కుర్రవాడు ఇక్కడికి వస్తున్నట్టు ఇంట్లో తెలుసా? రేపటి నుంచి రానంటే అతనికి ఇక్కడ దొరికే చదువూ ఆటా స్నేహమూ అలాగే ఉంటాయా? అతను ఇష్టపడేవాటిని మనం గౌరవంగా మాట్లాడుతున్నామా? ఇంటి పెద్దలకూ ఒక ప్రశ్న ఉంది. మన పిల్లవాడు భయపడకుండా మనతో ఈ సంగతి చెప్పగలడా? ఈ నాలుగింటికీ అవునన్న జవాబు వచ్చిన చోట ఆ కుర్రవాడు పాట నేర్చుకుని ఇంటికి తిరిగి రావచ్చు, లేదా ఏళ్ల తరబడి ఆలోచించి పెద్దవాడయ్యాక తన దారి తానే ఎంచుకోవచ్చు. రెండూ అతని హక్కులే.

ఆలోచించండి

1. గ్లోస్టర్ పిల్లలకు ఆదివారమే బడి ఎందుకు పెట్టవలసి వచ్చింది? నేడు పనిచేసే యువకులకు చదువుకోవడానికి ఏ వేళ మిగులుతోంది?

2. నోబుల్, క్లౌ తీసుకున్న నిర్ణయాలను పోల్చండి. ఒక్కొక్క నిర్ణయం వల్ల ఎవరికి మేలు జరిగింది, ఎవరికి బడి తలుపు మూసుకుపోయింది?

3. 1947 మే 1న మీరు రాజ్యాంగ సభలో ఉండి ఉంటే మున్షీ పక్షం మాట్లాడేవారా, నికల్స్ రాయ్ పక్షం మాట్లాడేవారా? మీ కారణాలు ఇంట్లో పెద్దలతో చర్చించి రాయండి.